గన్నేరు పొద వెనక నీలం కుండీ

"ఫౌంటెన్ దించడానికి వీల్లేదు!"

గేటుకి అడ్డంగా ఒకామె నిలబడింది. చేతుల నిండా మట్టి, చెవి వెనక పెన్సిలు. వ్యాన్ డ్రైవరు నావైపు చూసి నవ్వాపుకుంటున్నాడు.

"ఇది మా ఇల్లండీ," అన్నాను.

"ఇల్లు మీదే. తోట నాకు అప్పగించారు. మీ అమ్మగారే."

నేను పళ్ళ డాక్టర్ని. ఎంతటివాళ్ళయినా నా ముందు నోరు తెరవాల్సిందే. ఆవేళ నా నోరే మూతపడింది.

అమ్మకి మోకాలి ఆపరేషనైంది. నడవకపోతే కీలు బిగుసుకుపోతుందని డాక్టరు పోరుతున్నా కిటికీ పక్క కుర్చీ వదలదు. కూర్చునైనా సంతోషంగా చూసుకుంటుందని, కిటికీ ముందరే పెట్టిద్దామని ఫౌంటెన్ తెచ్చాను.

"కూర్చుంటేనే అన్నీ కనబడితే ఇంకెందుకు లేస్తారు?" అంది తోట డిజైనరు. "దారి చివర, ఆ గన్నేరు పొద వెనక ఒకే ఒక్క నీలం కుండీ. కిటికీలోంచి సగమే కనబడాలి. మిగతా సగం కోసం కాళ్ళు కదలాలి. చూపుని లాగే చోటు, ఫోకల్ పాయింటంటే అదీ."

"మా అమ్మ కుండీ కోసం లేవదు."

"లేస్తారు. లేచేదాకా నేనూ వదలను."

ఫౌంటెన్ గ్యారేజీలో పడింది. నేను ఆమె వెనక పడ్డాను. ఆదివారాలన్నీ మట్టి మోశాను, దారికి రాళ్ళు పరిచాను. చివరికి కుండీ వచ్చింది, నా అంత ఎత్తు.

"ఒకసారి పెడితే కదపలేం. చోటు కుదిరేదాకా మీరే కుండీ. వెళ్ళి నిలబడండి," అని లోపలికెళ్ళి అమ్మ పక్కన నిలబడింది.

"కుడికి! ఇంకొంచెం! పొట్ట లోపలికి! కుండీకి కూడా అంత లేదు!"

కిటికీలోంచి అమ్మ నవ్వు వినబడింది. ఎన్నాళ్ళైందో విని!

ఇంతలో వాన. ఆమె గొడుగేసుకుని గుర్తుకి పుల్ల పాతడానికి వచ్చింది.

"తడుస్తున్నారు, లోపలికి రావచ్చుగా?"

"కుండీలు నడవవండీ."

ఫక్కున నవ్వి, గొడుగు సగం నామీదికి జరిపింది. ఇక ఆగలేకపోయాను.

"ఈ పనైపోతే మళ్ళీ రారా?"

"మొక్కలు నాటుకున్నాయో లేదో చూడ్డానికి వస్తాను."

"అలా వచ్చి వెళ్ళిపోవడం కాదు. ఇక్కడే ఉండిపోండి. నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

ఆమె చేతిలో పుల్ల జారి కిందపడింది.

టక్. టక్. రాళ్ళ మీద చేతికర్ర చప్పుడు.

తలమీద తువ్వాలు కప్పుకుని అమ్మ! దారి చివరిదాకా నడిచి వచ్చేసింది.

"సగం సగం కనబడి చంపుతున్నారు కదర్రా! ఒక్క ముక్కా వినబడదు. ఎంతసేపని కూర్చోను?"

మేమిద్దరం అమ్మ కాళ్ళ వైపే చూస్తున్నాం. ఆమె గబగబా వెళ్ళి గొడుగు అమ్మకి పట్టింది.

"మావాడు ఏదో అడిగినట్టున్నాడు. ఏమన్నావమ్మా?" అంది అమ్మ.

ఆమె వంగి, పడిపోయిన పుల్ల తీసి, నేను నిలబడ్డ చోటే గట్టిగా గుచ్చింది.

"కుండీ ఇక్కడే పెడదాం... అత్తయ్యా."