చిన్న తరగతి కారు

అన్యాయం చేసినవాళ్ళు పరాయివాళ్ళయితే ఆమె ఇంతగా కుమిలిపోయేది కాదు. చేసింది స్వయానా బావగారు! వీధిలో అందరూ పెద్దాయన అని పిలిచే మనిషి! భర్త పోయాక ఆమెకు మిగిలింది వాకిలి పక్కనున్న కుట్టుగది ఒక్కటే. నడుం కింద చచ్చుబడిన అత్తయ్యను ఆసుపత్రికి తిప్పడానికి కారు కొంటానన్నప్పుడు, అన్నిటికన్నా చిన్న తరగతిదే తెస్తానని, ఆ గది గోడ జోలికి రానని, కన్నతల్లి ఎదుటే మాటిచ్చాడాయన.

తీరా కారు వచ్చాక చూస్తే... మూతి మెట్లకు తగిలింది, వెనక భాగం వీధిలోనే ఉండిపోయింది! గేటు మూతపడదు. గది కొట్టేస్తే బండి తిప్పి నిలుపుకోవచ్చని బావగారు మేస్త్రీని కూడా పిలిపించాడు. మాట తప్పారేమని ఆమె నిలదీస్తే, తప్పలేదన్నాడు. షోరూంలో అడిగి మరీ చిన్న తరగతిదే కొన్నాడట!

కారు తెచ్చిన డ్రైవరు తల గోక్కున్నాడు. "తరగతి చిన్నదేనండి. అమెరికా బండి కదా, అక్కడ లోపల మనుషులకీ సామానుకీ ఉన్న చోటును బట్టి ఆ లెక్క. మూతి పొడవు అందులోకి రాదు."

"బయట ఏనుగు, లోపల అగ్గిపెట్టె," అంది అత్తయ్య మంచం మీంచి. "నన్ను మడతపెట్టి కూర్చోబెడతావురా?"

బావగారు తల దించుకున్నాడు. ఆమెకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి... ఈ గది కూడా పోతే ఎలా బతకాలి? అయినా కొంగుతో కళ్ళు తుడుచుకుని, మెడలోని టేపు తీసి అత్తయ్య చక్రాల కుర్చీని కొలిచింది. దాంతో సహా ఎక్కించే కారు ఉంటుందా అని డ్రైవరును అడిగింది. ఉంటుందన్నాడు. ఎత్తుగా ఉంటుంది, తరగతి పెద్దది, పొడవు మాత్రం దీనికన్నా తక్కువట. కాకపోతే పక్క తలుపు తెరిచి కుర్చీ ఎక్కే వాలుపలక దించడానికి చోటు కావాలి.

ఆమె వాకిలి కొలిచి లేచింది. "బావగారూ, ఎంత నష్టమొచ్చినా దీన్ని వదిలించుకుని ఆ కారు తెండి. పలకకు కావలసిన చోటు నేనిస్తాను."

"నీ బతుకే ఆ గది కదమ్మా..."

"మిషను అటు తిప్పి వేసుకుంటాను. ఈ మూతి కోసమైతే ఒక్క ఇటుక కూడా ఇచ్చేదాన్ని కాదు."

అత్తయ్య ఆమె చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. బావగారు మేస్త్రీ చేతిలోని గునపం తానే అందుకుని, ఎక్కడి దాకా తియ్యమంటావమ్మా అని అడిగాడు. ఆమె గుడ్డలకు గీసే సుద్దతో నేలమీద గీత గీసింది. గీతకు అవతల ఆమె వదులుకున్నది పన్నెండడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు.