సైకిలుకు కట్టిన ఎర్రదారం

“విరగలేదని నేను ప్రకటనలో రాశానా?” అన్నాడు అంకమ్మరావు గారు.

అరుగు మీద పడక్కుర్చీలో కూర్చునే అన్నాడా మాట. లేవను కూడా లేవలేదు. కింద వీధిలో, మిట్టమధ్యాహ్నపు ఎండలో, చౌడేశ్వరి సైకిలు పట్టుకుని నిలబడి ఉంది. పక్కన వాళ్ళ నాన్న కోటిలింగం మోకాలికి గుడ్డ చుట్టుకుని, ఒంటికాలి మీద బరువు మోపి నిలబడ్డాడు. పెద్దమనిషి అనిపించుకునే ఆయన కనీసం ఆ అరుగు చివర నీడలో కూర్చోమనలేదు.

చౌడేశ్వరికి పదకొండేళ్ళు. ఒళ్ళు మండిపోయింది.

“మంచి కండిషనులో ఉందని రాశారు కదండీ,” అంది.

“ఉంది మరి. నా దగ్గరున్నన్నాళ్ళూ శుభ్రంగా ఉంది.”

“ముందు చక్రం ఫోర్కు చీలిన చోట లక్క నింపి, పైన నల్లరంగు పూశారు. మీకు ముందే తెలుసా, తెలియదా? అది చెప్పండి.”

అంకమ్మరావు గారు కుర్చీలోంచి కాళ్ళు దింపాడు. “ఆడపిల్లకి ఇంత నోరేమిటయ్యా కోటిలింగం?” అంటూ లేచి, లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

“పదమ్మా,” అన్నాడు కోటిలింగం. ఇద్దరూ సైకిలు నడిపించుకుంటూ బెజవాడ నుంచి పటమట దాకా వచ్చారు. దారి పొడుగునా చౌడేశ్వరి పళ్ళు నూరుతూనే ఉంది.

ఆ సైకిలు ప్రకటన చూసింది తనే. అదీ ఆమె కోపం. వాళ్ళది నేత ఇల్లు. తాత ఆదిశేషయ్య నేస్తాడు, అమ్మ నూలు కండెలు చుడుతుంది, నాన్న కూడా నేసి, నేసిన చీరలు మూటగట్టి నెత్తిన పెట్టుకుని బెజవాడ కొట్లకు నడిచి వెళ్తాడు. ఇంట్లో చదువు వచ్చింది చౌడేశ్వరికి ఒక్కదానికే. అందుకని వారం వారం పత్రిక తెచ్చి అందరికీ చదివి వినిపిస్తుంది. యుద్ధం వార్తలు అయిపోయాక తాతకు ఆ పత్రికలో ఇష్టమైనవి ఆఖరి పేజీలోని చిన్న ప్రకటనలే. ఎవరో కుట్టుమిషను అమ్ముతారు, ఎవరికో అద్దెకు ఇల్లు కావాలి, ఎవరిదో ఆవు తప్పిపోయింది. అక్కడే కనబడింది. ‘సైకిలు అమ్మబడును. మంచి కండిషనులో నున్నది.’

“నాన్నా, ఇది కొను. ఇక నువ్వు నడవక్కర్లేదు,” అని గంతులేసింది చౌడేశ్వరి.

కొన్న మూడో రోజే బందరు కాలువ కట్ట మీద ఫోర్కు పక్కకు వాలిపోయింది. నాన్న ఒక పక్క పడ్డాడు. చీరల మూట రెండో పక్క కాలువలో పడింది. ఇంటిల్లిపాదీ పదిహేను రోజులు నేసిన చీరలు బురదనీళ్ళలో నానిపోయాయి. యుద్ధం వల్ల నూలు కూడా కంట్రోలులో కొలిచి ఇచ్చే రోజులు. మళ్ళీ నూలు కావాలంటే నేతవాళ్ళ సొసైటీ ముందు పొద్దున్నుంచీ నిలబడాలి.

పటమట సెంటర్లో సైకిలు షాపతను ఫోర్కు అతికించి, తుప్పు పట్టకుండా రంగు వేశాడు.

“ఒక్క మనిషి మెల్లగా తొక్కుకుంటే ఫర్వాలేదు. బరువు మాత్రం పెట్టకండి. రెండో మనిషిని అసలు ఎక్కించకండి. కొత్త ఫోర్కు వేద్దామంటే యుద్ధం మొదలైనప్పట్నుంచీ సామాన్లు రావడం లేదు,” అన్నాడు.

బరువు మోయని సైకిలు కోటిలింగానికి ఎందుకు? అమ్మేసి ఇంకోటి చూడాలని నిర్ణయించారు. అంతవరకూ ఆ మోకాలితోనే, నెత్తిన మూటతోనే నడక.

అతికించిన రోజు సాయంత్రం తాత మగ్గం గుంటలోంచి లేచి, సైకిలు దగ్గరికి తడుముకుంటూ వచ్చాడు. ఆయనకు చూపు తగ్గింది. వేళ్ళకు మాత్రం ఇంకా బాగా కనిపిస్తుంది. అతుకు ఎక్కడుందో వేలితో రాసి చూసి, అక్కడ ఎర్రదారం ముక్క చుట్టి ముడి వేశాడు.

అది ఆయన అలవాటు. చీర నేసేటప్పుడు పోగు తెగి ఎక్కడైనా లోపం వస్తే, దానికి ఎదురుగా అంచులో ఒక ఎర్రదారం ముక్క కడతాడు. కొట్లో చీర విప్పగానే ఆ దారం కనబడుతుంది. లోపం ఎక్కడుందో వెతుక్కోనక్కర్లేదు. ఆదిశేషయ్య చీరకు ఎర్రదారం లేకపోతే లోపమే లేదన్న నమ్మకంతో షావుకార్లు మడత కూడా విప్పకుండా తీసుకుంటారు.

“సైకిలుకి కూడా ఎందుకు తాతా?” అంది చౌడేశ్వరి.

“కొనేవాడికి తెలియాలి కదమ్మా.”

“మనకి ఎవరు చెప్పారు?”

తాత ముడి ఇంకాస్త బిగించాడు. చౌడేశ్వరికి ఇంకా మండింది. అంకమ్మరావు గారు హాయిగా పడక్కుర్చీలో ఊగుతున్నాడు. నాన్న కుంటుతున్నాడు. నిజం చెప్పే పని మాత్రం మనకే ఎందుకు పడాలి?

మర్నాడు నాన్నతో కలిసి పత్రికాఫీసుకు వెళ్ళింది. “అతుకు సంగతి కూడా రాయమ్మా,” అన్నాడు నాన్న. చౌడేశ్వరి కాగితం మీద రాసింది. సైకిలు అమ్మబడును అని రాసి, ఇంటి గుర్తులు రాసి, ఊరుకుంది. గుమాస్తా చెవి మీది పెన్సిలు తీసి, ‘మంచి కండిషనులో నున్నది’ అని తనే చేర్చాడు. అన్ని ప్రకటనలకూ అలాగే చేరుస్తాడట.

“అంతా రాశావా?” అని అడిగాడు నాన్న.

“రాశాను నాన్నా,” అంది చౌడేశ్వరి. నాన్నకు చదవడం రాదు.

పత్రిక వచ్చిన రెండో రోజు అమ్మా నాన్నా నూలు కోసం సొసైటీకి వెళ్ళారు. “ఎవరైనా వస్తే దారం ఉన్నచోటు చూపించి, బరువు పెట్టొద్దని చెప్పు. తాతకి సరిగ్గా కనబడదు,” అని చెప్పి మరీ వెళ్ళారు.

మధ్యాహ్నం చౌడేశ్వరి గుమ్మంలో కూర్చుని ఉండగా సందు మొదట్లో ఒకాయన, తొమ్మిదేళ్ళ పిల్ల కనబడ్డారు. పిల్ల చేతిలో పత్రికలోంచి కత్తిరించిన ముక్క ఉంది. ప్రతి గుమ్మం దగ్గరా ఆగి ఏదో అడుగుతున్నారు.

చౌడేశ్వరి లోపలికి పరుగెత్తింది. మగ్గం పక్కనున్న చిన్న కత్తెర తీసుకుని, ఫోర్కు మీది ఎర్రదారం టక్కున కత్తిరించింది. ముక్కను పరికిణీ బొడ్లో దోపుకుంది.

ఆయన పేరు సొలొమోను. మిషన్ బడిలో మాస్టారు. పిల్ల పేరు హన్నా.

“రోజూ కట్ట మీద నాలుగు మైళ్ళు నడుస్తున్నామమ్మా, బడికి. పిల్ల కాళ్ళు పడిపోతున్నాయి,” అన్నాడు మాస్టారు. సైకిలు బెల్లు కొట్టి చూశాడు. చక్రం తిప్పి చూశాడు. ఇంటి వెనక దొడ్లో ఒక చుట్టు తొక్కి చూశాడు. ఒక్కడే కదా, బాగానే నడిచింది.

“నేనే చూశానక్కా, పేపర్లో,” అంది హన్నా, ముక్క చూపిస్తూ. “రేపట్నుంచి నేను ముందు కూర్చుంటాను. ఇక నడవక్కర్లేదు.”

చౌడేశ్వరి తల తిప్పుకుంది.

బేరం తాతతోనే కుదిరింది; అతుకు చూపించే పని మనవరాలిదే కాబట్టి, ఆయన ధర మాట మాత్రమే మాట్లాడి డబ్బు తీసుకున్నాడు. కుదిరాక మాస్టారు సైకిలు వీధిలోకి దింపుతుంటే, మగ్గం గుంటలోంచి తాత అడిగాడు. “దారం చూపించావా అమ్మా?”

“చూపించాను తాతా.”

వాళ్ళిద్దరూ వెళ్ళిపోయారు. మగ్గం మళ్ళీ లయగా మోగింది. చౌడేశ్వరి గోడకు ఆనుకుని కూర్చుని, మంచి పనే అయిందనుకుంది. నాన్నకు ఇంకో సైకిలు వస్తుంది. అంకమ్మరావు గారు చేసిందే కదా తనూ చేసింది, అనుకుంది. ఆ ఆఖరి మాట అనుకున్నాక ఎందుకో కూర్చోలేకపోయింది.

మగ్గం ఆగింది.

“పోగు తెగింది. అమ్మా, చిన్న ఎర్రదారం ముక్క ఉంటే ఇటివ్వు,” అన్నాడు తాత, చెయ్యి చాపి.

చౌడేశ్వరి చెయ్యి దానంతటదే బొడ్లోకి వెళ్ళింది. దారం ముక్క బయటికి వచ్చింది. తాత చెయ్యి ఇంకా చాపే ఉంది. అందులో ఆ ముక్క పెట్టడానికి ఆమెకు చెయ్యి రాలేదు.

“తాతా, ఇప్పుడే వస్తా,” అని వీధిలోకి పరుగెత్తింది.

అదృష్టం, మగ్గానికి ఎక్కించే నిలువు పోగుల పడుగులు సందు నిండా సాగదీసి గంజి పెట్టారు. నేతవాళ్ళ సందులో ఎవరూ సైకిలు ఎక్కరు. పోగులు తగలకుండా గోడ వారగా నడిపించుకుంటూ పోవలసిందే. చౌడేశ్వరి పడుగుల కింద నుంచి వంగి దూరి పరుగెత్తింది. గంజి జుట్టుకు అంటింది. “ఎవర్తివే, పోగులు తెంపుతావా?” అని ఎవరో అరిచారు.

కాలువ కట్ట ఎక్కేసరికి మాస్టారు హన్నాను ముందు కడ్డీ మీద కూర్చోబెట్టాడు. ఆయన కాలు పెడలు మీద ఉంది. పక్కన కాలువ నిండుగా పారుతోంది.

“మాస్టారూ, ఆగండి. ఎక్కకండి,” అని అరిచింది. దగ్గరికి వెళ్ళి హ్యాండిలు రెండు చేతులా పట్టుకుంది. “ఫోర్కు విరిగిందండీ. అతికించారు. రంగు కింద ఉంది. ఒక్కరైతేనే ఎక్కాలి, రెండో మనిషి ఎక్కకూడదు. మా నాన్న ఇక్కడే పడ్డాడు.”

సొలొమోను మాస్టారు హన్నాను గబుక్కున కిందికి దింపాడు. వంగి ఫోర్కును గోటితో గీకి చూశాడు. రంగు పెచ్చు లేచి, కింద అతుకు బయటపడింది. ఆయన ముఖం ఎర్రబడింది.

“నీకు ముందే తెలుసా?” అన్నాడు.

తను అంకమ్మరావు గారిని అడిగిన మాటే. ఆ పెద్దమనిషి చెప్పిన జవాబు కూడా చౌడేశ్వరికి నాలుక చివర సిద్ధంగా ఉంది. విరగలేదని ప్రకటనలో రాశామా? ఎంత తేలిగ్గా వచ్చేసిందో ఆ మాట. తన మీద తనకే అసహ్యం వేసింది.

“తెలుసండీ,” అంది. “తాత గుర్తుగా దారం కట్టాడు. నేనే కత్తిరించాను.”

“నా కూతురు కాలువలో పడి ఉంటే ఏం చేసేదానివి?”

అంకమ్మరావు గారిలా వేసుకోవడానికి చౌడేశ్వరికి తలుపు లేదు. ఎండలో అలాగే నిలబడి మాట పడింది.

“పేపర్లో బాగుందని ఉంది కదా నాన్నా,” అంది హన్నా మెల్లగా, చేతిలోని ముక్కను మళ్ళీ చదువుకుంటూ. మాస్టారి కోపం కన్నా ఆ మాట ఎక్కువ తగిలింది.

చౌడేశ్వరి కట్ట మీద మోకాళ్ళ మీద కూర్చుంది. పిడికిలిలో చెమటకు తడిసిన దారం ముక్కను అతుకు చుట్టూ తిప్పి, ముడి మీద ముడి వేసింది.

తిరిగి ఇంటికి ముగ్గురూ సైకిలు నడిపించుకుంటూనే వెళ్ళారు. తాత సంగతంతా విని, మాస్టారి డబ్బు మాస్టారి చేతిలో పెట్టాడు. “మీరు మంచినీళ్ళు తాగి వెళ్ళండి బాబూ,” అన్నాడు. మాస్టారు తాగలేదు. హన్నా తాగింది. పిల్లలిద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు.

సాయంత్రం చౌడేశ్వరే నాన్నకు చెప్పింది, ప్రకటన సంగతితో సహా. కొడతాడనుకుంది. కోటిలింగం మోకాలు రాసుకున్నాడు.

“ఆ రోజు ఆయన అరుగు ముందు నువ్వు అలా అడుగుతుంటే, నాకు గర్వంగా ఉండిందమ్మా,” అన్నాడు. కొట్టినా బాగుండేదనుకుంది చౌడేశ్వరి.

మర్నాడు పత్రికాఫీసుకు మళ్ళీ వెళ్ళారు. ఈసారి చౌడేశ్వరి రాసిన కాగితం చూసి గుమాస్తా పకపకా నవ్వాడు. పైకి చదివాడు కూడా. “సైకిలు అమ్మబడును. ముందు ఫోర్కు విరిగి అతికించినది. ఒక్కరే మెల్లగా తొక్కవలెను. బరువు మోయదు. అతుకు వద్ద ఎర్రదారం కట్టి యున్నది, చూచుకొనవలెను. ఇదేం ప్రకటనమ్మా? కొనమంటున్నావా, వద్దంటున్నావా?”

చెవి మీది పెన్సిలు తీశాడు. రెండో వాక్యం మీద పెట్టాడు. చౌడేశ్వరి చటుక్కున కాగితం మీద అరచెయ్యి పెట్టేసింది.

“కొట్టెయ్యకండి.”

“ఇలా వేస్తే ఎవరొస్తారు? మంచి కండిషనులో నున్నదని ఒక్క ముక్క రాస్తాను, ఉండు.”

“ఆ ముక్క మాకొకాయన రాశారండీ. మా నాన్న మోకాలు చూడండి,” అంది చౌడేశ్వరి. కాగితం మీది చెయ్యి మాత్రం తియ్యలేదు.

గుమాస్తా కోటిలింగం కాలు వైపు చూశాడు. పెన్సిలు మళ్ళీ చెవి మీద పెట్టుకుని, కాగితం అలాగే కంపోజింగుకు పంపాడు.

పత్రిక వచ్చింది. ఒక వారం ఎవరూ రాలేదు. రెండో వారమూ రాలేదు. నాన్న మూట నెత్తిన పెట్టుకుని నడుస్తూనే ఉన్నాడు. చౌడేశ్వరి బడి లేని రోజుల్లో సగం మూట తను మోసింది.

మూడో వారం, ఒక బక్కపలచటి ముసలాయన గొడుగు ఊపుకుంటూ వచ్చాడు. ఒక్కణ్ణే, రోజూ గుడిదాకా పోయి రావడానికి సైకిలు కావాలన్నాడు. బెల్లు కొట్టలేదు. చక్రం తిప్పలేదు. కళ్ళజోడు సర్దుకుని ముందుగా ఒకే మాట అడిగాడు.

“ఎర్రదారం ఎక్కడుందమ్మా?”

చౌడేశ్వరి సైకిలును వెలుగులోకి తిప్పింది. వంగి, అతుకు మీద వేలు పెట్టి చూపించింది.