వల చిరిగిన చోటు

“ఎండలోకి తెచ్చి చూడండి కొండలరావు గారూ. కొట్లో నీడన ఏ స్క్రీనైనా బాగానే కనపడుద్ది,” అన్నాడు నాగుల్ మీరా.

మచిలీపట్నంలో ఆయనకి బోటు సామాన్ల కొట్టు ఉంది. కొండలరావుది గిలకలదిండి. సొంత బోటు మీద సముద్రంలో వేటకి వెళ్తాడు. సముద్రంలో దారి చూపించే జీపీఎస్సూ, నీళ్ళ కింద లోతునీ చేపల గుంపునీ చూపించే ఫిష్ ఫైండరూ రెండూ ఒకే మిషన్లో ఉండేది కొందామని ఆ శనివారం మధ్యాహ్నం వచ్చాడు. రెండు నెలల వేట నిషేధం అయిపోవచ్చింది. సోమవారం బోట్లన్నీ మళ్ళీ సముద్రంలోకి వెళ్తాయి.

ఆయన వెంట కూతురు హారిక కూడా వచ్చింది. హారిక ఆరో తరగతి. తనకి ఇంగ్లీషు చదవడం బాగా వచ్చు. ఈ సంగతి పాలెం అంతటికీ తెలుసు. ఎలా తెలుసంటారా? హారికే చెప్తుంది.

“నాన్నా, ఇదే తీసుకుందాం! పెద్ద స్క్రీను. టచ్ కూడా ఉంది. చూడు, వేలితో సముద్రాన్ని ఎటు కావాలంటే అటు జరపొచ్చు!”

నాగుల్ మీరా నవ్వి, మగ్గుతో నీళ్ళు తెచ్చాడు. “వేళ్ళు ఇందులో ముంచమ్మాయ్. ఆఁ, ఇప్పుడు నొక్కు.”

హారిక తడివేలితో నొక్కింది. మ్యాప్ ఒక్క గెంతు గెంతి ఎటో వెళ్ళిపోయింది. మళ్ళీ నొక్కింది. ఈసారి అసలు కదల్లేదు.

“బోటు మీద చెయ్యి పొడిగా ఉండేదెప్పుడు చెప్పు? సముద్రం మీద బటన్లుండే మిషనే సుఖం,” అన్నాడాయన. తర్వాత కొండలరావు వైపు తిరిగాడు. “బటన్లవి నా దగ్గర రెండున్నాయండీ. ఒకటి కొత్తది. ఇంకోటి నాగాయలంక యలమంద గారిది. మోకాళ్ళ నొప్పులతో ఆయన వేట మానేశారు. వాడినదే గానీ ఏ లోటూ లేదు. పైగా ఆయన పాయింట్లన్నీ అందులో అలాగే ఉన్నాయి. వేటకెళ్ళే మనిషికే ఇమ్మని మరీ మరీ చెప్పారు.”

కొండలరావు ముఖం వెలిగిపోయింది. “యలమంద బాబాయ్‌దా? ఇంకేం చూడక్కర్లేదండీ మీరా గారూ. అదే ఇవ్వండి.”

ఈ మాటలేవీ హారిక చెవిన పడలేదు. తను అప్పటికే వేలు గౌనుకి తుడుచుకుని, పెద్ద స్క్రీను మీద సముద్రాన్ని అటూ ఇటూ జరుపుతోంది.

ఇంటికి వెళ్ళేదాకా ఆటోలో మూతి ముడుచుకునే కూర్చుంది. ఒళ్ళో యలమంద తాతయ్యదని నాన్న చెప్పిన ఆ పాత మిషను. అంచుల నిండా గీతలు. బటన్ల మీద అక్షరాలు సగం అరిగిపోయాయి. కొత్తది కొంటామని ఆశపెట్టి ఇదా కొనేది?

సాయంత్రం కొండలరావు మిషనుకి బ్యాటరీ తగిలించి, వెలిగిందో లేదో చూసుకుని, బోటు ఇంజను పని ఉందని హార్బరుకి వెళ్ళాడు. వాకిట్లో అమ్మ సత్యవతి కొత్త వలకి బెండ్లు కడుతోంది. హారిక మిషను ముందు కూర్చుంది.

మ్యాప్ నిండా నల్లటి చుక్కలు. ఒక్కో చుక్క పక్కన ఇంగ్లీషులో ఒక్కో పేరు. దేవదానం. పోతురాజు. బంగార్రాజు. అంజి. లెక్కపెడితే ఇరవై ఆరు ఉన్నాయి.

‘మా బోటు మిషన్లో వీళ్ళందరి పేర్లూ ఎందుకు?’ అనుకుంది హారిక. పోయిన ఏడాది నాన్న వాడిన ఫోను కొన్నప్పుడు కూడా ఇంతే. ఎవరెవరివో నంబర్లు, ఫొటోలు. అప్పుడు హారికే సెట్టింగ్స్‌లోకి వెళ్ళి అంతా చెరిపేసి, కొత్త ఫోనులా చేసి ఇచ్చింది. నాన్న ఎంత మెచ్చుకున్నాడో!

సెట్టింగ్స్ దొరకడం ఎంతసేపు? మొత్తం చెరిపెయ్యమంటావా అని మిషను ఇంగ్లీషులో మర్యాదగా అడిగింది. నిజంగానేనా అని రెండోసారి కూడా అడిగింది. హారికకి ఇంగ్లీషు వచ్చు కదా, రెండుసార్లూ ‘యస్’ నొక్కింది.

చుక్కలన్నీ మాయమైపోయాయి. స్క్రీను నిండా శుభ్రమైన నీలిరంగు సముద్రం. హారిక తడిగుడ్డతో మిషనుని తుడిచి, నాన్న వచ్చి చూస్తే ఎంత సంబరపడతాడో అనుకుంటూ వాకిట్లోకి వచ్చింది.

“అమ్మా, ఆ యలమంద తాతయ్య మిషన్లో ఎవరెవరి పేర్లో రాసుకున్నాడు. స్నేహితులా?”

సత్యవతి తల ఎత్తకుండానే చెప్పింది. “వల చిరిగిన చోట్లే అవి. కృష్ణకి వరదొచ్చినప్పుడు పెద్ద పెద్ద మొద్దులు కొట్టుకొచ్చి సముద్రం అడుగున పడతాయి. మునిగిపోయిన పాత పడవలుంటాయి. పైకి ఏమీ కనపడవు. వల వాటికి తగులుకుందంటే ఇంక అంతే. చేపలు దొరికే చోటు మనవాళ్ళు కన్నతల్లికి కూడా చెప్పరే! వల చిరిగే చోటు మాత్రం పగవాడికైనా చెప్తారు. ఎవరి వల చిరిగితే ఆ చోటుకి వాళ్ళ పేరే. దేవదానం వల చిరిగిన చోటు దేవదానం.”

హారిక వెనక్కి తిరిగి లోపలున్న మిషను వైపు చూసింది.

“మీ నాన్నకి ఇంక బెంగ లేదు. ఆ పాయింట్లున్నాయనే కదా కొత్త మిషను వద్దని ఇది తెచ్చాడు. ఈ వల కోసం నేనూ మీ నాన్నా ఎన్ని నెలలు కూడబెట్టామో నీకు తెలుసుగా,” అంది సత్యవతి, బెండు ముడి బిగిస్తూ.

హారిక మళ్ళీ లోపలికి వెళ్ళి మిషను ముందు నిలబడింది. నీలిరంగు సముద్రం. ఒక్క చుక్క లేదు. ఇందాక ఎంతో బాగున్న ఆ రంగు ఇప్పుడు చూస్తే భయం వేస్తోంది.

ఒక్క నిమిషం పాడు ఆలోచన కూడా వచ్చింది. పాత మిషనే కదా, దానంతటదే చెడిపోయిందనుకుంటారు. ఎవరికీ తెలీదు. కానీ సోమవారం నాన్న బోటు ఎక్కుతాడు. కొత్త వల వేస్తాడు. కింద ఏముందో నాన్నకి తెలీదు.

హారిక చెప్పులు కూడా వేసుకోకుండా హార్బరుకి పరుగెత్తింది.

కొండలరావు ఇంజను దగ్గర చేతులకి గ్రీజుతో ఉన్నాడు. హారిక ఏడుస్తూ మొత్తం చెప్పేసింది. ఆయన బోటు అంచు మీద అలాగే కూలబడ్డాడు. తిట్టలేదు. కొట్టలేదు. ఆ ఊరుకోవడం కంటే రెండు దెబ్బలు వేసినా బాగుండుననిపించింది హారికకి.

“అడగాలి కదే,” అన్నాడు చివరికి. “తెలీనిదాని మీద చెయ్యేసేముందు ఒక్క మాట అడగాలి కదా.”

“కొత్తదానిలా చేద్దామని… నాన్నా…”

“సర్లే. ఇప్పుడన్నా చెప్పావు. చెప్పకపోతే నేను ధీమాగా వెళ్ళి వలంతా ముక్కలు చేసుకుని వచ్చేవాణ్ణి.” ఆయన చేతులు తుడుచుకుని లేచాడు. “రేపు నాగాయలంక వెళ్దాం. బాబాయ్‌కి మాత్రం నువ్వే చెప్పాలి.”

ఆదివారం పొద్దున్నే బస్సెక్కారు. చల్లపల్లి దాటింది, అవనిగడ్డ దాటింది. కిటికీ పక్క సీటు దొరికినా హారిక బయటికి చూడలేదు. యలమంద తాతయ్యకి ఏం చెప్పాలో మనసులో పదిసార్లు అనుకుంది. తీరా ఆయన ఎదుట నిలబడేసరికి అంతా మర్చిపోయి, “తాతయ్యా, చెరిపేశాను. అన్నీ చెరిపేశాను,” అంది.

యలమంద మంచం మీద కూర్చుని మోకాళ్ళకి నూనె రాసుకుంటున్నాడు. ఆయన చెయ్యి ఆగిపోయింది.

“అన్నీనా?”

“అన్నీ.”

“ఇరవై ఆరు పాయింట్లు! పదిహేనేళ్ళు! ఒక్క నొక్కు నొక్కి సముద్రంలో కలిపేశావా! అయ్యో అయ్యో, చదువుకున్న పిల్లవే, అడగడం నేర్పలేదా మీ బళ్ళో?” ముసలాయన గొంతు ఇల్లంతా మోగింది. హారిక వెక్కి వెక్కి ఏడ్చింది.

కాసేపటికి ఆయన కోపం చల్లారింది. “ఊరుకో. ఏడిస్తే పాయింట్లొస్తాయా? పుస్తకం తెచ్చుకున్నావా? తీయ్. అవన్నీ నావనుకున్నావేమో. అందులో నావి మూడే. మిగతావన్నీ తలొకరూ ఇచ్చినవే. ఇచ్చినవాళ్ళని మళ్ళీ అడుగు. అడగందే అమ్మైనా పెట్టదు.”

ఆయన కళ్ళు మూసుకుని ఒక్కో పేరూ చెప్పాడు. హారిక రాసుకుంది. ఆయన ఫోన్లో ఉన్న నంబర్లు కూడా పేర్ల పక్కనే ఎక్కించుకుంది. తర్వాత మొదటి నంబరు నొక్కింది.

“దేవదానం మావయ్యా, నేను గిలకలదిండి కొండలరావు గారమ్మాయిని. మీ వల చిరిగిన చోటు మా మిషన్లోంచి నేనే చెరిపేశాను. పొరపాటైపోయింది. మళ్ళీ చెప్తారా?”

అవతల పెద్ద నవ్వు. “నా వల చిరిగిన చోటా? అది మర్చిపోతానా తల్లీ! చచ్చేదాకా గుర్తుంటది. ఉండు, మిషను చూసి చెప్తా. రాసుకో.” అక్షాంశం, రేఖాంశం అంకెలన్నీ చెప్పి, “ఏదీ, మళ్ళీ చదువు. ఒక్క అంకె తప్పితే మీ నాన్న వల గోవిందా!” అన్నాడు.

బంగార్రాజు భోజనం మధ్యలో లేచి వెళ్ళి చూసి చెప్పాడు. అంజి అప్పుడు బోటు దగ్గర లేడు, అరగంటలో తనే తిరిగి ఫోన్ చేశాడు. ఒక్కరు కూడా ‘మాకేంటి’ అనలేదు. హారిక ముక్కూ మొహం తెలీని మనుషులు. తప్పు చేసింది హారిక. వాళ్ళేమో “ఇంకేమైనా కావాలా తల్లీ?” అని అడుగుతున్నారు.

పోతురాజు నంబరుకి చేస్తే ఒక ఆడమనిషి పలికింది.

“నేను సరోజినిని. ఆయన పోయి నాలుగేళ్ళయిందమ్మా. ఇప్పుడు మా అబ్బాయే బోటు మీద వెళ్తున్నాడు. ఎందుకు?”

హారిక ఎలాగో విషయం చెప్పింది. అవతల ట్రంకు పెట్టె తెరిచిన శబ్దం వినిపించింది.

“ఆయన పుస్తకంలో రాసిపెట్టుకున్నాడు. ఇదుగో, రాసుకో.” ఆవిడ ఒక్కో అంకె నింపాదిగా చదివింది. “ఆయన పేరే పెడతావు కదా తల్లీ? ఆయన పేరు చూసి బోట్లు పక్కకి తిరుగుతాయంటే నాకు కాస్త మనసు నెమ్మదిగా ఉంటుంది.”

“ఆయన పేరే పెడతానత్తా. మొట్టమొదట ఆయనదే పెడతాను,” అంది హారిక. ఇక ఆపుకోలేక ఏడ్చేసింది. భయంతో కాదు. వీళ్ళందరికీ ఏమిచ్చి రుణం తీర్చుకోవాలో తెలీక ఏడ్చింది.

పొద్దు వాలేసరికి ఇరవై నాలుగు పాయింట్లు దొరికాయి. రెండు మాత్రం దొరకలేదు. వాటి గురించి యలమంద, లైట్‌హౌసు నుంచి ఎంత దూరమో, ఎన్ని బారల లోతో గుర్తున్నంత వరకు చెప్పాడు. “ఆ చుట్టుపక్కల వలే వెయ్యను బాబాయ్,” అన్నాడు కొండలరావు. బయల్దేరేటప్పుడు హారిక తాతయ్య కాళ్ళకి దణ్ణం పెట్టింది. “మోకాళ్ళు నొప్పే, మెల్లిగా ముట్టుకో,” అని కసిరాడాయన, నవ్వుతూనే.

ఆ రాత్రి హారిక అంకెలు చదువుతుంటే కొండలరావు సరిచూశాడు. మొట్టమొదట పోతురాజు పేరు ఎక్కించారు.

సోమవారం బోటు వెళ్ళింది. మంగళవారం, బుధవారం హారిక బళ్ళో ఉన్నా మనసు సముద్రం మీదే ఉంది. గురువారం బడి నుంచి వచ్చేసరికి వాకిట్లో నాన్న ఉన్నాడు. పక్కన వల. దాని మధ్యలో మనిషి దూరేంత చిరుగు.

హారిక పుస్తకాల సంచీ కిందపడేసింది. “నేను అంకె తప్పు రాశానా నాన్నా?”

“లేదమ్మా. నువ్వు రాసినవన్నీ సరిగ్గా ఉన్నాయి. పోతురాజు దగ్గర, దేవదానం దగ్గర ముందే తిప్పేశాం. ఇది ఎవరికీ తెలీని కొత్త చోటు. పోయిన వరదలో కొట్టుకొచ్చిన మొద్దేమో. ఈ చిరుగొక్కటితో బయటపడ్డామంటే ఆ పాయింట్లిచ్చినవాళ్ళ పుణ్యమే,” అన్నాడు కొండలరావు. మూడు రోజుల అలసట ఆయన కళ్ళలో ఉంది. అగ్గిపెట్టె వెనక రాసుకొచ్చిన అంకెలు కూతురి చేతికిచ్చి స్నానానికి వెళ్ళాడు.

సత్యవతి అప్పటికే దారం, సూది తీసి చిరుగు కుట్టడం మొదలుపెట్టింది. “హారికా, అన్నం పెట్టాను. తినేసి వచ్చి ఈ కొస పట్టుకో.”

హారిక లోపలికి వెళ్ళి, నాన్న బోటు నుంచి విప్పి తెచ్చిన మిషన్లో కొత్త చుక్క పెట్టింది. పక్కన ‘కొండలరావు’ అని రాసింది. తర్వాత నాన్న ఫోనూ, తన పుస్తకమూ తీసుకుని వాకిట్లోకి వచ్చి కూర్చుంది.

“దేవదానం మావయ్యా, హారికని. మా వల చిరిగింది మావయ్యా. ఎక్కడో చెప్తాను, రాసుకోండి.”

ఆయన రాసుకున్నాడు. హారిక పుస్తకంలో ఆయన పేరు పక్కన టిక్కు పెట్టి, బంగార్రాజుకి చేసింది. తర్వాత అంజికి.

“అన్నం చల్లారిపోతోందే. తిని చేసుకోవచ్చుగా?” అంది సత్యవతి.

“సరోజిని అత్త వాళ్ళ బోటు ఈ సాయంత్రమే వెళ్తుందంటమ్మా,” అంటూ హారిక తర్వాతి నంబరు నొక్కింది.