పురుగుల తట్టలో ఒప్పిగె పత్రం

పట్టుపురుగుల తట్టలో మిగిలిన ఆకు తీసి శుభ్రం చేస్తున్న హేమావతికి, అడుగున పరిచిన పాత పేపర్ల మధ్య ఒక తెల్ల కాగితం కనిపించింది. సగం తడిసి, పురుగుల రెట్టంటిన ఆ కాగితాన్ని విప్పి చూసేసరికి ఆమె ఒళ్ళు భగ్గుమంది. అది కూతురు నయనకు బడివాళ్ళు ఇచ్చిన ఒప్పిగె పత్రం, అదే అంగీకార పత్రం! ఏడాదిన్నర తరవాత సోమవారం బడి తెరుస్తున్నారు. తల్లో తండ్రో దాని మీద సంతకం పెడితేనే పిల్లను లోపలికి రానిస్తారు. మూడు రోజులుగా ఇల్లంతా వెదికిన కాగితం ఆఖరికి పురుగుల కింద దొరికింది.

ఇంకెవరు చేస్తారీ పని? అత్తగారు అక్కయమ్మే! మే నెలలో మామ మునికృష్ణప్ప కరోనాతో పోయినప్పటి నుంచి ఆమెది ఒకటే పాట... మూడో అల పిల్లల మీదికే వస్తుందట, టీవీలో చెప్పారట, పిల్ల గడప దాటకూడదట. మరి పోయిన వారం ఆ పిల్లనే వెంటబెట్టుకుని మంచేనహళ్ళి పెళ్ళికి వెళ్ళి, నాలుగు వందల మంది మధ్య భోజనం చేసి వచ్చిందెవరు? రెండు పూటలా పాల క్యానిచ్చి డెయిరీ దగ్గర గుంపులోకి తోలేదెవరు? అక్కడ రాని కరోనా బడి బెంచీ మీదే కూర్చుని ఉంటుందా? పురుగులున్న ఇంట్లోకి సొంత తమ్ముడొచ్చినా సరే, బ్లీచింగ్ నీళ్ళ తొట్టెలో కాళ్ళూ చేతులూ ముంచనిదే అడుగు పెట్టనివ్వదు అక్కయమ్మ. పురుగుల మీద అంత జాగ్రత్త ఉన్న మనిషి, కరోనా సూది వేస్తామని వచ్చిన ఆశా కార్యకర్తను మూడుసార్లు వాకిట్లోంచే పంపేసింది.

హేమావతి కాగితం పట్టుకుని విసురుగా వాకిట్లోకి వచ్చింది. అక్కయమ్మ పురుగులకు కత్తితో ఆకు కోస్తోంది. హేమావతి భర్త దేవరాజ్ బండి మీది నుంచి మల్బరీ మోపు దించుతున్నాడు.

"అత్తా, ఇది మీరు చేసిన పనేనా?"

"నాకేం తెలుసమ్మే? నేను కాగితాలు చూసేదాన్నా?"

"చదువు రాకపోతే బడి కాగితమని కూడా తెలీదా?"

"నిదానంగా మాట్లాడు హేమా," అన్నాడు దేవరాజ్. "అమ్మ భయం అమ్మది. ఇంగో సంవత్సరం ఇంట్లో ఉంటే ఏమైతాది?"

"ఏమైతాదా? ఏడో క్లాసు బిడ్డ రెండు లైన్లు కన్నడ చదవలేక ఏడుస్తాండాది. తెల్లారితే ఆకు, పొద్దుగూకితే ఆకు. నేను చిక్కబళ్ళాపురం పొయ్యి డాక్టరమ్మను అడిగొచ్చినా. పిల్లోళ్ళకు రాదని ఆమె చెప్పలేదు. వస్తే శానామందికి రెండు మూడు దినాల్లో తగ్గిపోతాదంట, ఎవురికో ఒకరికి కష్టమైతాదంట, ఆయాసం కనబడితే మాత్రం ఒక్క గంట ఆగొద్దనింది. నీ బిడ్డకు ముందునుంచి ఏ జబ్బూ లేదు, పంపియ్యి అనింది. ఆ మాట చెప్పి, మీ ఇంట్లో సూది ఏయించుకోని పెద్దోళ్ళు ఎవురుండారని అడిగింది. నేను తల దించుకుంటి."

అక్కయమ్మ కత్తి పక్కన పడేసింది. "పోయినసారి అది తెచ్చింది చాలదా మాకు?"

"అమ్మా... అవ్వను తిట్టొద్దు."

గుమ్మంలో నయన నిలబడి ఉంది. "ఆ పేపరు నేనే పెట్టినా. బడి మూసినప్పుడు మధ్యాన్నం బిసియూట బియ్యమిస్తే తెచ్చుకున్నా గదా, మర్నాడే నాకు జ్వరం వచ్చె. నాకు తగ్గిపోయె, తాత పోయె. ఇంగోసారి తెస్తే అవ్వ కూడా పోతాది. నేను బడికి పోనమ్మా."

హేమావతికి అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. నాలుగు నెలలుగా పిల్ల అవ్వ పక్కన పడుకోవడం మానేసింది, కంచం తీసుకుని వెళ్ళి దూరంగా కూర్చుంటోంది. ఎదిగే పిల్ల, సిగ్గేమోలే అనుకుంది తను. తల్లినయ్యుండి నాకెందుకు తెలియలేదు! "అది తెచ్చింది" అని అత్తగారు వచ్చినవాళ్ళందరికీ చెబుతుంటే, చావింట్లో గొడవెందుకని నోరు మూసుకున్నది తనే కదా... అత్తగారి మీద ఎంత కోపం వచ్చిందో తన మీద అంతకు రెండింతలు వచ్చింది.

"ఇన్నారా అత్తా? పన్నెండేండ్ల బిడ్డ నెత్తిన ఎంత బరువు పెట్టినారో ఇన్నారా? మామకు జ్వరమొచ్చినాక నాలుగు దినాలు ఆస్పత్రికి ఎందుకు పోలేదో అది గూడా చెప్పండి దానికి. మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

దేవరాజ్ తల వంచుకున్నాడు. అక్కయమ్మ మనవరాలి వైపు తిరిగింది.

"పురుగులు చంద్రిక తడికలెక్కి గూడు కడతాండె. టెస్టు చేయిస్తే వీధికి తాడు కడతారు, మార్కెట్టుకు పోనీరు. పంట దిగినాక పోదామనె మీ తాత. ఆయప్పకు అప్పటికే ఎగశ్వాస... నా కండ్లతో చూసి గూడా సరేలే అంటి. గూళ్ళు దిగె, ఆయప్ప పాయె." చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "జబ్బు ఎవురు తెచ్చినారో దేవునికే తెలుసు తల్లీ. ఆపింది మాత్రం నేనే. ఆ మాట నోట్లోంచి రాక నీ పేరు చెప్పుకుంటా ఉంటి."

హేమావతి కోపం చల్లారలేదు. అంత తొందరగా చల్లారే కోపమా అది? అయినా అత్తగారిని వదిలి, పిల్లను దగ్గరికి లాక్కుని, "తాతను పోగొట్టింది నువ్వు గాదు పాపా... నువ్వు గాదు," అని ఎన్నిసార్లు చెప్పిందో ఆమెకే తెలియదు. దేవరాజ్ ఆ మరకల కాగితాన్నే తుడిచి, తొడ మీద పెట్టుకుని సంతకం చేశాడు.

సోమవారం పొద్దున నయన సంచీ తగిలించుకునేసరికి అక్కయమ్మ ఉతికిన చీర కట్టుకుని వాకిట్లో నిలబడి ఉంది. "దోవలోనే గదా ఆరోగ్య కేంద్రం ఉండేది, నేనూ వస్తా," అంది ఎవరి ముఖమూ చూడకుండా.

సాయంత్రం బడి నుంచి వచ్చిన నయనకు ఇంటి గడప ముందు నీళ్ళ తొట్టె, సబ్బు కనిపించాయి. అచ్చం పురుగుల ఇంటి ముందు పెట్టినట్టే పెట్టింది అక్కయమ్మ. సూది వేసిన చెయ్యి నొప్పికి ఒళ్ళో పెట్టుకుని వాకిట్లోనే కూర్చుంది. పిల్ల కాళ్ళూ చేతులూ రుద్ది రుద్ది కడుక్కుంది. కడుక్కుని, అక్కడే నాలుగడుగుల దూరంలో ఆగిపోయింది.

"అవ్వా... దగ్గరికి రావచ్చునా?"

అక్కయమ్మ నొప్పిగా ఉన్న చెయ్యే చాపింది. వంటింట్లోంచి చూస్తున్న హేమావతికి, పొయ్యి మీద పాలు పొంగిపోతున్న సంగతి కూడా తెలియలేదు.