మూడో మంచం

“ఈ డబ్బుతో రేపల్లెలో మేడ మీద ఇంకో మేడ వేసుకోవచ్చండీ,” అన్నాడు కృష్ణకాంత్, హోటళ్ల ఖర్చు రాసిన కాగితాన్ని బల్ల మీద అటు తోస్తూ.

“వేసుకోండి. దాని మీదెక్కి చూస్తే ఈఫిల్ టవర్ కనిపిస్తుందేమో,” అంది హర్షిణి, కంప్యూటర్ మీంచి చూపు తిప్పకుండానే.

తెనాలి బోసురోడ్డులో వాన దంచికొడుతోంది. ఆ చిన్న ట్రావెల్స్ ఆఫీసులో ఉన్నది వాళ్లిద్దరూ, పక్క బల్ల దగ్గర నవ్వు ఆపుకోలేక అవస్థపడుతున్న ఫిన్నీ అనే అమ్మాయీ. రేపల్లెలో ఎరువుల కొట్టు నడిపే కృష్ణకాంత్ బేరమాడకుండా ఏదీ కొని ఎరగడు. బేరానికి ఇలాంటి జవాబు వినీ ఎరగడు. కోపం తెచ్చుకుందామనుకున్నాడు గానీ ఎందుకో రాలేదు.

అతని తండ్రి పూర్ణచంద్రరావు గారికి ఈమధ్యే షష్టిపూర్తి అయింది. “అందరూ కాశీ వెళ్తారు, మేం యూరప్ వెళ్తాం” అని ఆయన నలుగురిలో అనేశారు. ఆయన నోట మాట వచ్చిందంటే ఇక తిరుగులేదు. తండ్రి, తల్లి భువనేశ్వరి, తను, ముగ్గురి ప్రయాణం. పారిస్‌లో టవర్ కనిపించే గది కావాలి, ఖర్చు మాత్రం అనుకున్న దానిలోనే తేలిపోవాలి. అదీ ఆయన షరతు.

“రూమంటే మీ ఇంట్లో హాలనుకోకండి,” అని హర్షిణి ముందే చెప్పింది. “పెట్టె తెరిచి పెడితే మనిషి నడవడానికి చోటుండదు. లిఫ్టులో మీరెక్కితే పెట్టె ఆగాలి, పెట్టె ఎక్కితే మీరాగాలి. స్నానానికి బకెట్టూ మగ్గూ ఉండవు. టిఫినంటే బ్రెడ్డూ, చల్లటి పాలూనూ.”

“మీరు టూర్ అమ్ముతున్నారా, మానుకోమంటున్నారా?”

“అక్కడికెళ్లాక నన్ను తిట్టుకోకుండా చూసుకుంటున్నానండి.”

వీసా కాగితాలని ఒకసారి, ఫొటో సైజని ఇంకోసారి, ఏ వంకా దొరక్కపోతే వంక లేకుండానే మరోసారి అతను ప్యాసింజర్ ఎక్కి తెనాలి వచ్చేవాడు. సాయంత్రం ఆమె బాపట్ల రైలెక్కేదాకా ప్లాట్‌ఫాం మీదే నిలబడేవాడు. ఆమె వద్దనలేదు. ఒకరోజు వానలో ఇద్దరూ ఒకే గొడుగు కింద స్టేషన్‌కి నడిచారు. చెరో భుజం తడిసింది. ఆ తడి ఆరిపోతుంటే కూడా అతనికి బాధేసింది.

ఆ రోజే ధైర్యం చేశాడు. “హర్షిణి గారూ, మా పెద్దవాళ్లని మీ ఇంటికి పంపించనా?”

రైలు రానే వచ్చింది. ఆమె రైలు మెట్టెక్కి వెనక్కి తిరిగింది. “రేపు చెబుతానండి,” అంది. చెప్పబోయేదేమిటో ఆ నవ్వులోనే తెలిసిపోతోంది.

మర్నాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆఫీసులో అడుగుపెట్టాడు. అతను ఎంచి పంపిన హోటళ్లన్నీ ఆమె కంప్యూటర్‌లో ఉన్నాయి.

“ప్రతి ఊళ్లోనూ ఇద్దరి రూమే పెట్టారేంటండీ? మీరు ముగ్గురు కదా?”

“ఖర్చు తగ్గాలంటే అదొక్కటే దారి,” అన్నాడు హుషారుగా. ఆమె మెచ్చుకుంటుందనే అనుకున్నాడు పాపం. “నాన్నగారూ నేనూ మంచం మీద సర్దుకుంటాం. అమ్మ కింద దుప్పటి వేసుకుంటుంది.”

“మీ అమ్మగారు కిందా?”

“తిరుపతి వెళ్లినా, అన్నవరం వెళ్లినా మాకంతేనండి. అమ్మకి అలవాటే. టవర్ కనిపించే రూముకి డబ్బు అక్కడే మిగులుతుంది.”

కీబోర్డు మీద ఆమె వేళ్లు ఆగిపోయాయి.

“అక్కడ ఒప్పుకోరండి. ముగ్గురెళ్తే ముగ్గురికీ పడకలు తీసుకోవాలి,” అంది నెమ్మదిగా. అతని వైపు తిరిగి, “నిన్న మీరడిగిన దానికి... వద్దండి,” అంది.

అతనికి ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. “నేనేమన్నానని?”

“మా అమ్మ మంచం మీద పడుకోగా నేను మొదటిసారి చూసింది హాస్పిటల్లో. ‘ఎంత మెత్తగా ఉందే’ అంది. అక్కణ్ణుంచి మళ్లీ ఇంటికి రాలేదు.” హర్షిణి కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోలేదు. “మీరు చెడ్డవాళ్లని అనట్లేదండి. మా నాన్నగారూ మంచివారే. కానీ ఒక మనిషికి మంచం లేకుండా లెక్క వేసి, సరిపోయిందని మీరు సంబరపడ్డారు. రేపు ఆ కింద చోటు నాదే కదా. నాకు భయంగా ఉంది.”

రేపల్లె రైల్లో దారి పొడుగునా అతను లోలోపల వాదించుకున్నాడు. దుప్పటికీ పెళ్లికీ ముడేంటి? ఎవరింట్లో లేదీ అలవాటు? వాదన బాగానే ఉంది గానీ మనసుకి ఎక్కలేదు.

ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం. హాల్లో పట్టెమంచం మీద తండ్రి గురకపెట్టి నిద్రపోతున్నారు. తన గదిలో తన మంచం ఉంది. ఎప్పుడో వచ్చే చుట్టాల కోసం వేసిన మంచం ఇంకో గదిలో ఖాళీగా ఉంది. వంటింటి గుమ్మం పక్కన చాప మీద, చెయ్యి తలకింద పెట్టుకుని అమ్మ పడుకుని ఉంది.

అలికిడికి లేచింది. ముందు పక్కకి ఒత్తిగిలి, అరచెయ్యి నేలకి ఆనించి, తర్వాత గుమ్మం పట్టుకుని, మోకాలు మీద చెయ్యేసుకుని నిలబడింది. రోజూ అతని కళ్లముందు జరిగేదే. ఎన్నేళ్లుగా ఇలా లేస్తోందో అతనికి తెలియదు. సిగ్గుతో తల వాలిపోయింది.

“అన్నం పెట్టనా నాన్నా?”

“అమ్మా, యూరప్‌లో నీకెలాంటి రూము కావాలి?”

“నాదేముందిరా. మీరెక్కడుంటే నేనూ అక్కడే.”

“అలా కాదు. నీకేం కావాలో చెప్పు.”

భువనేశ్వరి కొడుకు మొహంలోకి చూసింది. వేళాకోళం కాదని నమ్మకం కుదిరాక గొంతు తగ్గించింది. “అడిగావు గనక చెబుతున్నా, నవ్వకూడదు మరి. నాకొక్కదానికే ఓ రూము కావాలిరా. తలుపేసుకుంటే ఎవరూ పిలవకూడదు.”

అతనికి నవ్వు రాలేదు.

నిద్రలేచి ఈ సంగతి వినగానే పూర్ణచంద్రరావు గారు ఇంతెత్తున లేచారు. “మొగుడూ పెళ్లాలు వేరే రూముల్లోనా? వింటే నవ్విపోతారు!”

“మీతో నేనుంటానుగా నాన్నగారూ. టవర్ కనిపించే రూము మానేస్తే అమ్మ రూముకి సరిపోతుంది.”

ఆయన కొడుకుతో మాటలు మానేశారు. అన్నం దగ్గర కూడా పేపర్ అడ్డం పెట్టుకున్నారు. చివరికి ఒకరోజు ఆ పేపర్ వెనకనుంచే, “టవర్ కింద నిలబడి చూస్తే కనబడదా ఏంటి,” అని గొణిగారు.

“ఆ రూములు చూసే పిల్లతో నేనే మాట్లాడతా,” అంది భువనేశ్వరి. ఆదివారం తల్లీకొడుకులు బాపట్లలో హర్షిణి ఇంటికి వెళ్లారు. హర్షిణి తండ్రి వెంకట సుబ్బయ్య మాష్టారు ఆదరంగా కూర్చోబెట్టారు. భువనేశ్వరి మొహమాటపడుతూనే తన కోరిక చెప్పింది. హర్షిణి వింటూ చాలాసేపు తల వంచుకునే ఉంది.

“కిటికీ కూడా ఉండాలా అమ్మగారూ?” అని మాత్రం అడిగింది.

“ఉంటే మంచిదేనమ్మా.”

కృష్ణకాంత్ పాత ప్రశ్న కదపలేదు. అమ్మకి మంచం ఇచ్చి, దానికి బదులు తనకింకేదో అడగడం అతనికే నచ్చలేదు. వీధి గుమ్మం దాకా సాగనంపిన హర్షిణి కూడా ఆ ఊసెత్తలేదు.

తిరుగు రైల్లో తల్లి అంది. “ఆ పిల్ల వంక చూడకుండా కూర్చోడానికి నువ్వెంత కష్టపడ్డావో నేను చూశాలే. నాకు నచ్చిందిరా.”

“తనకి నేను నచ్చాలిగా అమ్మా,” అన్నాడు.

పారిస్ చేరిన మర్నాడు తెల్లారి చాలాసేపైంది. తండ్రీ కొడుకులు తయారై కూర్చున్నారు. కింద టిఫిన్ ఎత్తేసే వేళ కావస్తోంది. ఎదుటి గది తలుపు మాత్రం తెరుచుకోలేదు.

“కోడి కూయకముందే లేచే మనిషిరా. ఒంట్లో బాగుందో లేదో!” అన్నారు పూర్ణచంద్రరావు గారు. ఆయన గొంతులో బెదురు కృష్ణకాంత్ ఎన్నడూ వినలేదు. తలుపు దగ్గరికి వెళ్లాడు గానీ తట్టడానికి చెయ్యి రాలేదు. ఎవరూ పిలవకూడదు అంది కదా. ఏం చెయ్యాలో తోచక తెనాలికి ఫోన్ చేశాడు.

“హర్షిణి గారూ, అమ్మ ఇంకా తలుపు తియ్యలేదండి. భయంగా ఉంది.”

“కంగారుపడకండి. లోపల ఏమైనా వినబడుతోందేమో చూడండి.”

తలుపుకి చెవి ఆనించాడు. సన్నగా, తీరుబడిగా వినిపించింది.

“గురక,” అన్నాడు. “మా అమ్మకి గురకొస్తుందని నాకు ఇన్నాళ్లూ తెలియదండి.”

అవతల్నుంచి హర్షిణి తడిసిన గొంతు వినబడింది.

“తట్టకండి. అత్తయ్యగారిని పడుకోనివ్వండి.”

బాపట్లలో ‘అమ్మగారూ’ అని పిలిచిన మనిషి. కృష్ణకాంత్ ఫోన్‌ని చెవికి ఇంకా గట్టిగా ఆనించుకున్నాడు.

“ఏమన్నారు?”

“విన్నారుగా. వెళ్లి ఆవిడకి టిఫిన్ తీసిపెట్టండి. లేచాక తింటారు,” అంది హర్షిణి.

ఈలోగా పూర్ణచంద్రరావు గారు తలుపు కొట్టడానికి చెయ్యెత్తారు. కొడుకు ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు.

“నిద్రపోతోంది నాన్నగారూ. మనమెళ్లి కాఫీ తాగొద్దాం.”

ఆయన ఆ తలుపు వంక కాసేపు అలాగే చూశారు. తర్వాత బూట్లు విప్పి చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా మెట్ల వైపు నడిచారు.