గిట్ట దగ్గర పిట్ట

"ఇది పిట్టా? ఒలికిన ఇంకు చుక్కా?"

పేజీ ప్రూఫుని అతని బల్ల మీద విసిరికొట్టింది ఆమె. పిల్లల పుస్తకాలు వేసే ఆ ఆఫీసులో పక్షుల బొమ్మలన్నీ ఆమెవి, నాలుగు కాళ్ళవన్నీ అతనివి. ఆమె గీసిన బొమ్మ అచ్చుకి వెళ్ళడం ఇదే మొదటిసారి. సాయంత్రానికి పేజీ ప్రెస్సుకి వెళ్ళిపోతుంది.

"పోలిక పేజీ కదండీ," అన్నాడతను తాపీగా. "గొంతు కింద చారలున్న బుల్లి పాటల పిట్ట, ఒళ్ళంతా చారలున్న అడవి జీబ్రా. రెండూ ఒకే నిష్పత్తిలో వెయ్యాలి. మీ పిట్ట నా జీబ్రా చెవిలో పట్టేస్తుంది. నేనేం చెయ్యను?"

"ఒక్కో చారా ఊపిరి బిగబట్టి దిద్దాను! మీ జీబ్రాకి పేజీ అంతా రాసిచ్చేసి, నా పిట్టకి గిట్ట దగ్గర చోటా?"

"గిట్ట దగ్గర పిట్ట. ప్రాస కూడా కుదిరింది."

"నవ్వకండి, ఒళ్ళు మండుతోంది!"

"పిట్టని పెద్దది చేస్తే, అది గుర్రమంత ఉంటుందనుకుంటారండీ పిల్లలు."

అతని మాట నిజమే. అందుకే ఆమెకి ఇంకా మండింది. ఈ మనిషితో మాట్లాడితే కోపం, మాట్లాడకపోతే పొద్దు గడవదు. ఇదెక్కడి ఖర్మ!

మధ్యాహ్నం అమ్మకి ఫోన్ చేసి అంతా ఏకరువు పెట్టింది.

"రోజూ అతన్ని తిట్టడమేగానీ, ఇంకొకరి ఊసెత్తవేమే?" అంది అమ్మ.

ఆమెకి అమ్మ మీద కూడా కోపమొచ్చింది.

సాయంత్రం వాన పట్టుకుంది. ఎడిటర్ మేడమ్ ఆఖరి ప్రూఫు ఆమె చేతికిచ్చింది. పేజీలో పిట్ట, అసలు పిట్టంత ఉంది. ప్రతి చారా కనిపిస్తోంది. ఎదురుగా జీబ్రా లేదు. ఒక్క కన్ను, దాని చుట్టూ నాలుగు చారలు. కింద, 'రెండూ అసలు సైజులోనే' అని ఉంది.

"తనే వచ్చి మార్పించాడమ్మా," అంది మేడమ్.

ఆమె గొడుగు తీసుకుని మెట్లు దిగి పరిగెత్తింది. అతను గుమ్మంలో వాన తగ్గడం కోసం చూస్తున్నాడు.

"ఎవరు కొయ్యమన్నారు మిమ్మల్ని? నెల పట్టి గీసిన బొమ్మ! కాళ్ళేవి? తోకేది?"

"కన్నుంది కదండీ."

"ఒక్క కన్నుతో ఏం చేస్తుంది?"

"మీ పిట్టని చూస్తుంది." అతను తల దించుకున్నాడు. "మీరు ఆఫీసులో చేరినప్పట్నుంచీ నేను చేస్తున్నదీ అదే."

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళ మీదా కోపమే వచ్చింది.

"ఆ ముక్క ముందే చెప్పి ఏడవొచ్చుగా!" అంటూ గొడుగు విప్పి వానలోకి దిగింది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది.

"ఇంకా నిలబడ్డావేం? రా!"