పేడకుప్ప దగ్గర బీకన్

“ముఠా ఈ సాయంత్రమే హెలికాప్టర్లో దిగుతుంది. వాళ్లకు కొమ్ము కావాలి. అడ్డొస్తే మీ అన్నని కూడా కాల్చేస్తారు,” అంది మేజర్ బసానీ.

హ్లులానీ వాళ్లన్న మజమానీ, దక్షిణాఫ్రికా లింపోపోలోని ఒక ప్రైవేటు అడవిలో పిల్లతల్లి ఖడ్గమృగానికి కాపలాదారు.

“అన్నని పక్కకి పిలిపించలేమా?”

“పిలిస్తే టూరిస్టు వేషంలో ఉన్న మన ఏజెంటు ఇరీనాకు అనుమానమొస్తుంది. మన జీతం తీసుకుంటూ వాళ్లకు అమ్ముడుపోయింది. రుజువుతో పట్టుకో. నేను రేంజర్ల శిబిరంలో కాచుకుంటా.”

నాలుగింటికి హ్లులానీ, జంతువుల జాడ చూపే ట్రాకర్ వేషంలో జీపు బానెట్ మీది సీటులో ఉన్నాడు. వెనక ఇరీనా: మెడలో కెమెరా, ముత్యాల దండ, కాళ్లకు తెల్ల బూట్లు. ఒక్క పిట్ట పేరూ రాదు. ఖడ్గమృగం రోజూ ఒకేచోట పేడ వేస్తుందని మాత్రం తెలుసు. దొంగలకు అంతకు మించి చదువెందుకు?

పేడకుప్ప దగ్గర జీపు ఆపించి, ముక్కు మూసుకుని నల్ల డబ్బా ఒకటి అందించింది.

“ఏయ్ ట్రాకర్, దీన్ని ఆ పక్క చెట్టుకు కట్టి మీట నొక్కు. ఫోటోలు తీస్తుంది.”

“మీరే దిగి చూపించండి మేడమ్.”

“ఆ పేడలోకా? నువ్వున్నది అందుకేగా.”

ఫోటోలు తీసే డబ్బాకు లెన్సే లేదు. సంకేతాలు పంపే బీకన్ అది. అబద్ధం కూడా శుభ్రంగా ఆడటం రాదు దీనికి. హ్లులానీకి అసహ్యం వేసింది. పొదచాటున వంగి జేబులోని ముక్కుపొడుం డబ్బా చెట్టుకు కట్టి, బీకన్ జేబులో వేసుకున్నాడు.

“రేంజర్ల శిబిరం వెనక సింహాలున్నాయట మేడమ్.”

“పోనియ్. ఇక్కడ కంపు.”

సగం దారిలోనే హెలికాప్టర్ మోత వినిపించింది. సంకేతం కోసం వెతుకుతూ పేడకుప్ప మీదే తిరుగుతోంది. కింద అన్న, ఒక్క తుపాకీ. మజమానీ పారిపోయే రకం కాదు. హ్లులానీ డ్రైవరును తొందరపెట్టాడు. శిబిరం వెనక జీపు ఆగీ ఆగకముందే దూకి, మీట నొక్కి బీకన్ని గడ్డిలోకి విసిరాడు.

హెలికాప్టర్ ఇటు తిరిగి, నేరుగా గడ్డిలో దిగింది. తలుపు తీసినవాళ్లకు కనిపించింది మేజర్ బసానీ, ఆమె వెనక నలభై రైఫిళ్లు.

“ఎవరు నువ్వు?” అంది ఇరీనా, పాలిపోయి.

“పేడ తొక్కేవాణ్ణి మేడమ్. దిగండి.”

రేడియోలో అన్న గొంతు వినిపించింది. “తమ్ముడూ, తల్లీ పిల్లా క్షేమం. ఈ చెట్టుకున్న ముక్కుపొడుం డబ్బా నాదేనా?”

“నీదే అన్నా.”

“నిన్నట్నుంచీ వెతుకుతున్నాన్రా. దొంగల్లో ముందు పట్టుకోవాల్సింది నిన్నే.”